స్పెయిన్‌లో స్థిరపడాలనుకుంటున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

నువ్వు రాసినదంతా చదివాను. బర్మింగ్‌హామ్ ఇల్లు అమ్మేసి, ఉద్యోగం మానేసి, వచ్చే వేసవికల్లా ఇక్కడ అలికాంతే తీరాన మా వీధిలోనే ఇల్లు కొంటానన్నావు. నా మాట ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత తీరిగ్గా చదువుకో. ఇప్పుడు రావద్దు. నీకు 67 నిండి బ్రిటన్ ప్రభుత్వ పెన్షను మొదలయ్యేదాకా అక్కడే కాపురం ఉండు. చలికాలంలో వచ్చి మా దగ్గర ఉండి వెళ్ళు. మీ బావగారు మాత్రం ఈ మాట ఒప్పుకోరు. ఆయనకు పేకాటకు తోడు కావాలి.

"మీకు కుదిరినప్పుడు మాకెందుకు కుదరదు?" అని మరదలు అడిగిందట. అడగవలసిన ప్రశ్నే. 2016 జూన్ 23న రెఫరెండం జరిగింది. 2020 జనవరి 31న బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చింది. ఆ ఏడాది డిసెంబరు 31తో పాత నిబంధనలకు గడువు ముగిసింది. ఆ రోజుకి ఇక్కడ చట్టబద్ధంగా నివసిస్తున్న మాలాంటివాళ్ళ హక్కులను ఉపసంహరణ ఒప్పందం కాపాడింది. మీరు ఆ గీతకు అవతల ఉన్నారు. నీ చేతిలో ఉన్నది మా పాస్‌పోర్టు లాంటిదే అయినా, వీసా ఇచ్చే అధికారి దృష్టిలో నువ్వూ, హైదరాబాదు నుంచి భారతీయ పాస్‌పోర్టుతో దరఖాస్తు పెట్టినవాడూ ఒకటే. మొదటిసారి హీత్రూలో దిగినప్పుడు ఏ వరుసలో నిలబడ్డావో గుర్తుందా? మళ్ళీ దాదాపు అక్కడికే వచ్చావు.

ఇల్లు కొంటే నివాస అనుమతి వస్తుందని ఎవరో చెప్పారన్నావు. ఆ చెప్పినవాడు ఇళ్ళు అమ్మేవాడై ఉంటాడు. ఐదు లక్షల యూరోల ఆస్తి కొన్నవాళ్ళకు ఇచ్చే గోల్డెన్ వీసాను స్పెయిన్ 2025 ఏప్రిల్ 3 నుంచి ఎత్తేసింది. ఇప్పుడు ఎంత పెద్ద బంగళా కొన్నా, వీసా లేకపోతే ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకు మించి ఉండడానికి వీల్లేదు. ఆ లెక్క ఒక్క స్పెయిన్‌కే కాదు, మధ్యలో సరిహద్దు తనిఖీలు లేని షెంగెన్ ఐరోపా దేశాలన్నిటికీ కలిపి. దారిలో పారిస్‌లో వారం ఆగితే అదీ ఇందులోనే. 2025 అక్టోబరు నుంచి వేలిముద్రలు, ఫొటో తీసుకుని కంప్యూటరే లెక్క కట్టే పద్ధతి మొదలైంది కనుక, పాస్‌పోర్టులో ముద్ర సరిగ్గా పడలేదని తప్పించుకునే రోజులు పోయాయి.

పని చేయకుండా పెన్షను మీద బతకడానికి ఇక్కడ ఇచ్చే వీసా ఒకటుంది. దానికి నెలకు 2,400 యూరోల ఆదాయం చూపాలి, భార్యకు మరో 600. బ్రిటన్ పూర్తి ప్రభుత్వ పెన్షను 2025-26లో వారానికి 230.25 పౌండ్లు, అంటే నెలకు వెయ్యి పౌండ్లకు ఓ రెండు తక్కువ. పౌండుకు 1.15 యూరోలు వేసుకుంటే 1,150 దాకా వస్తుంది. ఆ లెక్కన ఇద్దరికీ పూర్తి పెన్షను వస్తున్నా 2,300 కూడా నిండదు. మిగతాది నీ ఉద్యోగ పెన్షనో, బ్యాంకులో నిల్వో పూడ్చాలి. మీ ఇద్దరికీ ఇప్పుడు ఆ ప్రభుత్వ పెన్షనే లేదు. 1961 మార్చి 6 నుంచి 1977 ఏప్రిల్ 5 లోపు పుట్టిన మీకు అది 67కే. ఈ వీసా మీద ఉంటూ ఇంగ్లండు కంపెనీకి ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో పని చేసినా అది ఉల్లంఘనే. "కొంచెం కన్సల్టింగ్ చేసుకుంటాను" అని రాశావు చూడు, ఆ వాక్యం దరఖాస్తులో మాత్రం రాయకు.

ఇక వైద్యం సంగతి. నన్ను అసలు భయపెట్టేది ఇదే. ఆసుపత్రి వార్డుల్లో పనిచేస్తూ జీవితం గడిపినదాన్ని, డబ్బు తక్కువైతే సర్దుకోవచ్చని నాకు తెలుసు, ఇన్సులిన్ తక్కువైతే సర్దుకోలేం. మేము ఇక్కడ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి స్పానిష్ పెన్షనర్ల లాగే డాక్టరుకు చూపించుకుంటున్నామంటే దానికి కారణం ఎస్1 అనే పత్రం. బ్రిటన్ ప్రభుత్వ పెన్షను తీసుకుంటూ ఐరోపా దేశంలో ఉండేవారి వైద్యం ఖర్చు బ్రిటనే భరిస్తుందని చెప్పే కాగితం అది. బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌కు చెందిన బిజినెస్ సర్వీసెస్ అథారిటీని అడిగి తెప్పించుకోవాలి, తనంతట తాను ఇంటికి రాదు. తెచ్చి ఇక్కడి సామాజిక భద్రతా కార్యాలయంలో నమోదు చేయించుకుంటేనే ఆరోగ్య కార్డు వస్తుంది. సంతోషించవలసిన విషయం ఏమిటంటే, బ్రెగ్జిట్ తర్వాత చేసుకున్న వాణిజ్య ఒప్పందంలో ఈ ఏర్పాటు కొనసాగింది. కాబట్టి నీకూ వస్తుంది, నీ మీద ఆధారపడిన భార్యగా మరదలికీ వస్తుంది. కానీ ఎప్పుడు? నీ పెన్షను మొదలైనప్పుడు. నీకిప్పుడు 62. ఆ ఐదేళ్ళ ఖాళీ ఎలా నింపుతావు?

వీసా కావాలంటే ప్రైవేటు బీమా చూపాలి. అది ప్రతిసారీ మన వంతు కట్టే రకం కాకూడదు, స్పెయిన్ ప్రభుత్వ వైద్యం స్థాయిలో అన్నిటికీ వర్తించాలి. నీకు పదిహేనేళ్ళుగా షుగరు, మరదలికి రక్తపోటు. ముందునుంచీ ఉన్న జబ్బులంటే బీమా కంపెనీలు తలుపు వేసేస్తాయి, లేదా వాటిని మినహాయించి మిగతా ఒంటికి బీమా ఇస్తామంటాయి. మన ఇళ్ళల్లో అరవై దాటి ఈ రెండూ లేనివాళ్ళు ఎందరున్నారు? కాబట్టి ఇది పక్కింటివాళ్ళ సమస్య కాదు, నీదే. ఏడాది నివాసం పూర్తయ్యాక ప్రభుత్వ వైద్యంలో డబ్బు కట్టి చేరే ఏర్పాటు ఉంది, 65 లోపువాళ్ళకు నెలకు 60 యూరోలు, దాటినవాళ్ళకు 157. పాత జబ్బులని కాదనరు, అది పెద్ద ఊరట. మందులు మాత్రం పూర్తి ధరకు కొనుక్కోవాలి. ఆ మొదటి ఏడాదిని మాత్రం ప్రైవేటు బీమాతోనే గట్టెక్కాలి.

నువ్వు వదిలి వచ్చేది ఏమిటో కూడా గుర్తుంచుకో. ఎన్‌హెచ్‌ఎస్ వైద్యం పౌరసత్వాన్ని బట్టి వచ్చేది కాదు, అక్కడ నివాసం ఉండడాన్ని బట్టి వచ్చేది. ఎన్ని ఏళ్ళు నేషనల్ ఇన్సూరెన్స్ (జీతంలోంచి కట్టే సామాజిక భద్రతా చందా) కట్టావన్నది అక్కడ ఎవరూ అడగరు. ఎస్1 లేకుండా స్పెయిన్‌లో స్థిరపడి, మోకాలి ఆపరేషనుకని బర్మింగ్‌హామ్ వెళితే బిల్లు చేతికిస్తారు. మళ్ళీ కాపురానికే తిరిగి వెళితే హక్కు తిరిగి వస్తుంది, అది వేరే సంగతి. నేను చెప్పినట్టు అక్కడే నివాసం ఉంచుకుని శీతాకాలానికి ఇక్కడికి వస్తే, నీ జీహెచ్ఐసీ కార్డు (బ్రిటన్ నివాసులకు ఐరోపా ప్రయాణాల్లో పనికొచ్చే ఆరోగ్య కార్డు) మీద అత్యవసర వైద్యం, డయాబెటిస్‌కు కావలసిన పరీక్షలు ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో జరుగుతాయి. దానితో పాటు ప్రయాణ బీమా కూడా తీసుకో. ఎవరికైనా ఏమైనా అయితే విమానంలో వెనక్కు చేర్చే ఖర్చు ఆ కార్డు ఇవ్వదు.

డబ్బు విషయంలో మాకు తగిలిన మొదటి దెబ్బ రెఫరెండం మర్నాడే తగిలింది. ఓటు రోజున పౌండుకు 1.30 యూరోలు వచ్చేవి. కొన్ని వారాల్లో 1.17 చుట్టూ దిగింది, అప్పటి స్థాయికి మళ్ళీ ఎక్కలేదు. వెయ్యి పౌండ్ల పెన్షను మీద నెలకు నూటముప్పై యూరోలు గాలికి పోయాయి. అద్దె, కూరలు, కరెంటు అన్నీ యూరోల్లోనే కదా. నీ లెక్కల్లో 1.20 వేశావు. 1.05తో వేసి చూడు. అప్పుడు కూడా నెల గడిస్తేనే ముందుకు నడువు.

రెండో దెబ్బ బ్యాంకు. బ్రిటిష్ బ్యాంకులు యూనియన్ అంతటా వ్యాపారం చేసుకునే అనుమతి బ్రెగ్జిట్‌తో పోయింది. 2020 చివర్లో చాలామందికి వచ్చినట్టే మాకూ ఖాతా మూసేస్తున్నామని ఉత్తరం వచ్చింది. పెన్షను పడే ఖాతా అది. స్పెయిన్ నివాసుల ఖాతాలు ఉంచుతారా అని నీ బ్యాంకును ముందే రాతపూర్వకంగా అడుగు. కొడుకు చిరునామా ఇచ్చి నెట్టుకురావచ్చని అనుకోకు. రెండు దేశాల పన్నుల శాఖలు ఖాతాల వివరాలు ఒకరికొకరు పంపుకుంటాయి. అక్కడి నీ ఆర్థిక సలహాదారుకు కూడా, ఇక్కడ అనుమతి లేకపోతే, నువ్వు వచ్చాక సలహా ఇచ్చే అధికారం ఉండదు.

ఆ ఖాళీలో దూరేవాళ్ళు ఈ తీరం పొడవునా ఉన్నారు. ఎండకు నల్లబడ్డ ముఖాలు, తెల్లటి చొక్కాలు, కాఫీ వాళ్ళే ఇప్పిస్తారు. మీ పెన్షను నిధిని మాల్టాకో మరోచోటికో మార్చేద్దాం అంటారు. 2024 అక్టోబరు 30 నుంచి అలా స్పెయిన్‌లో ఉంటూ మూడో దేశపు పథకానికి మార్చితే బ్రిటన్ 25 శాతం కోత వేస్తుంది. నాలుగో వంతు! ఆ కాఫీ తాగకు.

పన్నులు మరీ చిక్కు. ఏడాదిలో 183 రోజులు దాటితే స్పెయిన్ నిన్ను తన పన్నుదారుగా చూస్తుంది, ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా చూపించమంటుంది. పైగా ఏడాదిని వచ్చేముందు, వచ్చాక అని రెండుగా చీల్చే పద్ధతి ఇక్కడ లేదు. అక్కడ పన్ను లేకుండా చేతికొచ్చే పెన్షనులో 25 శాతం మొత్తం ఇక్కడ పన్నుకు గురవుతుంది. అక్కడ పన్ను పడని ఐసా పొదుపు ఖాతాకు కూడా ఇక్కడ మర్యాద లేదు. అందుకే ఇల్లు అమ్మడమైనా, ఆ మొత్తం తీయడమైనా ఇక్కడి పన్నుదారు కాకముందు సంవత్సరంలో ముగించాలి. సైన్యం, పోలీసు, సివిల్ సర్వీసు లాంటి ప్రభుత్వ ఉద్యోగాల పెన్షన్లకు రెండు దేశాల ఒప్పందం ప్రకారం బ్రిటనే పన్ను వేస్తుంది. నీ పెన్షను ఏ కోవలోకి వస్తుందో ఈ ఒప్పందం తెలిసిన అకౌంటెంటును అడుగు, నన్ను కాదు.

ఇక్కడి బ్రిటిష్ మిత్రులెవరూ నీకు చెప్పని విషయం ఒకటుంది, ఎందుకంటే వాళ్ళకు ఇండియాలో ఆస్తులుండవు. విదేశీ ఆస్తుల ప్రకటన, మోదెలో 720 అంటారు. బ్యాంకు నిల్వలు, పెట్టుబడులు, స్థిరాస్తులు అని మూడు తరగతులు. ఏ తరగతిలోనైనా స్పెయిన్ బయట 50,000 యూరోలు దాటితే మార్చి నెలాఖరుకు చెప్పాలి. బయట అంటే ఇంగ్లండు ఒక్కటే కాదు. కూకట్‌పల్లి ఫ్లాటు, ఇండియా బ్యాంకులో ఎన్ఆర్ఓ (ప్రవాసుల ఖాతా) డిపాజిట్లు, నాన్నగారి ఇంట్లో నీ వాటా, అన్నీ. ఫ్లాటు అద్దె కూడా ఇక్కడి ఆదాయంలో చూపాలి, అక్కడ కట్టిన పన్నుకు మినహాయింపు అడగాలి. కాగితాలు అన్నయ్య బీరువాలో ఉన్నాయంటే కుదరదు.

మరదలి మనసు హైదరాబాదు మీద ఉందని నాకు తెలుసు. అక్కడికి వెళితే వీసా బాధ లేదు, ఓసీఐ కార్డుంది. కానీ బ్రిటన్ పెన్షను భారతదేశంలో పెరగదు. 67లో ఎన్ని పౌండ్లు మొదలైతే 87లోనూ అన్నే. స్పెయిన్‌లో ఉంటే ఏటా పెరుగుతుంది. బ్రెగ్జిట్ చర్చల కాలంలో మాకు నిద్ర పట్టనివ్వని భయం ఇదే, ఇండియా పెన్షనర్ల జాబితాలోకి మమ్మల్నీ తోసేస్తారేమోనని. తోయలేదు. ఎస్1 కూడా భారతదేశానికి వర్తించదు. సగం ఏడాది అక్కడ, సగం ఇక్కడ అన్న మీ ఊహ కూడా వదులుకోండి. ఐదేళ్ళ తర్వాత దీర్ఘకాలిక నివాసం కావాలంటే, ఆ ఐదేళ్ళలో స్పెయిన్ బయట గడిపినది మొత్తం పది నెలలు మించకూడదు. ఏటా రెండు నెలలు, అంతే. ఒంట్లో శక్తి తగ్గి ఇంటికి సహాయకులు కావలసి వస్తే ప్రభుత్వం ఇచ్చే సాయానికీ ఐదేళ్ళ నివాసం అడుగుతారు.

ఇంకో మాట. మా ఎస్1 ఉపసంహరణ ఒప్పందం మీద నిలిచింది. నీకు రాబోయేది వాణిజ్య ఒప్పందపు సామాజిక భద్రతా నిబంధనల మీద నిలుస్తుంది, వాటికి పదిహేనేళ్ళ గడువు పెట్టారు. 2021 మేలో అమలయ్యాయి కనుక 2036లో ముగుస్తాయి. పొడిగిస్తారనే నా నమ్మకం. ఇన్ని లక్షలమంది ముసలివాళ్ళను రోడ్డున పడెయ్యడం ఏ ప్రభుత్వానికీ ఇష్టం ఉండదు. అయినా అప్పటికి నీకు డెబ్బై దాటతాయి. బర్మింగ్‌హామ్‌లో తలదాచుకోవడానికి చిన్న గూడైనా ఉంచుకోమని అందుకే అంటున్నాను. ఉన్న ఇల్లు అద్దెకివ్వు, ఇక్కడ అద్దెకుండు. ఆగస్టు ఎండ, జనవరిలో గోడలకు పట్టే చెమ్మ, రెండూ చూశాక కొనే సంగతి మాట్లాడదాం. పన్నులు, నోటరీ ఖర్చులు కలిపితే ఇంటి ధర మీద పదో వంతుకు పైనే అవుతుంది.

ఈ వారంలో ఒక పని చెయ్యి. మీ ఇద్దరి నేషనల్ ఇన్సూరెన్స్ రికార్డులు ప్రభుత్వ వెబ్‌సైటులో తెరిచి చూడు. పూర్తి పెన్షనుకు ఆ రికార్డులో 35 ఏళ్ళు కావాలి, పది కంటే తక్కువైతే ఏమీ రాదు. పిల్లల కోసం మరదలు ఉద్యోగం మానేసిన ఏళ్ళకు చైల్డ్ బెనిఫిట్ (పిల్లలకని ప్రభుత్వం ఇచ్చే భత్యం) ఆమె పేరున వచ్చిందా, నీ పేరున వచ్చిందా చూడు. నీ పేరున ఉంటే ఆ ఏళ్ళు ఆమె రికార్డులో కనబడకపోవచ్చు, మార్పించుకునే దారి ఉంది. ఆ రెండు కాగితాలు ముందు పెట్టుకుని ఆదివారం ఫోను చెయ్యి. మరదలిని కూడా పక్కన కూర్చోబెట్టు.

ఇట్లు,
మీ అక్క