వేపపుల్లతో పళ్లు గట్టిపడతాయా? నా అనుభవం

మీ ఎనిమిదేళ్ల పాప దవడ పన్ను మీద నల్ల మచ్చ కనబడిందన్నారు. ఫ్లోరైడ్ పేస్టు మంచిది కాదని ఎవరో చెప్పారు, అది మాన్పించి మీ అమ్మగారు చెప్పినట్టు వేపపుల్ల, ఉప్పు, నువ్వుల నూనె పట్టిస్తే పళ్లు వాటంతటవే గట్టిపడతాయా అని అడిగారు. వేపపుల్ల నములుతూనే రూట్ కెనాల్ దాకా వెళ్లినవాణ్ణి కాబట్టి చెబుతున్నానండి.

మాది గుంటూరు. పన్నెండేళ్లు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా చేశాను. యార్డులో టీ సంగతి తెలిసిందేగా. రైతు వస్తే ఒకటి, వ్యాపారి వస్తే ఒకటి, బేరం తెగితే ఒకటి, తెగకపోతే ఇంకొకటి. గ్లాసు చిన్నదే గానీ రోజుకి తొమ్మిదో పదో అయ్యేవి, అడుగున పంచదార మిగిలేంత తీపి. పొద్దున్నే మాత్రం నియమంగా పందుంపుల్ల. మా నాయనమ్మ ఎనభై దాటాక కూడా చెరుకు గడ పళ్లతోనే చీల్చేది. ఆవిడ జన్మలో పేస్టు ముట్టలేదు. అదే నా ధైర్యం.

ముప్పై ఆరో ఏట కింది దవడ పన్ను సలపడం మొదలైంది. లవంగ నూనెలో దూది ముంచి పెడితే నొప్పి పోయేది. లవంగంలో యూజినాల్ అనే పదార్థం ఉంటుంది, అది నరాన్ని మొద్దుబారుస్తుంది, అంతే. లోపల పుచ్చు మాత్రం తన పని తాను చేసుకుపోయింది. అలా ఆర్నెల్లు గడిపాను. మధ్యలో ఎవరో చెప్పారని బొగ్గుపొడిలో ఉప్పు కలిపి బరబరా తోమాను. దాంతో బాగున్న పళ్లు కూడా చన్నీళ్లకి జివ్వుమనేవి.

చివరికి వెళ్తే డాక్టరమ్మ నోరు చూసి "రోజుకి ఎన్ని టీలు?" అంది. ఏం పెట్టి తోముతున్నానో తర్వాతెప్పుడో అడిగింది.

ఆవిడ చెప్పింది ఇదీ. నోట్లో ఉండే బాక్టీరియా తీపి తిని ఆమ్లం వదులుతుంది. నోటి పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత, ఆమ్లం పెరిగేకొద్దీ అంకె తగ్గుతుంది) 5.5 కిందికి దిగిందంటే ఎనామిల్‌లోంచి, అంటే పంటి పైనున్న గట్టి పొరలోంచి, కాల్షియం, ఫాస్ఫేట్ కరిగిపోతుంటాయి. ఆ ఆమ్లాన్ని విరిచి, కరిగిన ఖనిజాలను మళ్లీ పంటికి అద్దేది మన ఉమ్మే. దానికి అరగంట నుంచి గంట పడుతుంది. గంటకో టీ తాగేవాడి నోట్లో దానికి తీరికెక్కడిది? నాయనమ్మ సంగతి నాకప్పుడు తట్టింది. ఆవిడ రెండు పూటలా జొన్నన్నం, మజ్జిగ తినేది, మధ్యలో ఏమీ లేదు. అరిసెలైనా చెరుకైనా సంక్రాంతికే.

కాబట్టి పళ్లు సహజంగా గట్టిపడటం అనేది నిజంగానే ఉంది, కాకపోతే ఆ పని చేసేది వేప కాదు. సుద్దలాంటి తెల్ల మచ్చ దశలో ఉంటే పన్ను కోలుకుంటుంది. గుంట పడితే మాత్రం ఏ పుల్లా పూడ్చలేదు. మీ పాపది మచ్చో గుంటో మనం అద్దంలో చూసి చెప్పలేం, ఈ వారమే చూపించండి. ఖర్చు భయమైతే విజయవాడలోనే ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది.

పంచదార మానేసి బెల్లం పెడుతున్నామని చాలామంది అంటారు. బాక్టీరియాకి రెండూ ఒకటే. పైగా పల్లీ చిక్కీ, జీళ్లు దవడ పళ్ల గాడుల్లో ఇరుక్కుని గంటల తరబడి ఉంటాయి. బందరు లడ్డు పెట్టాలనుకుంటే అన్నంతో పాటే పెట్టేయండి, సాయంత్రం దాకా కొంచెం కొంచెం కొరకనివ్వొద్దు. మధ్యలో ఆకలంటే వేయించిన శనగలు, జామకాయ.

ఇక ఫ్లోరైడ్. ఆ భయం ఊరికే పుట్టలేదు. మా మేనత్త వాళ్లది వినుకొండ వైపు. అక్కడ బోరు నీళ్లు తాగి పెరిగిన మా బావ నవ్వితే పళ్ల మీద గోధుమరంగు చారలే. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. పళ్లు తయారయ్యే వయసులో ఏళ్ల తరబడి అంతకు మించి కడుపులోకి పోతే అలా అవుతుంది. పేస్టు తోమి ఉమ్మేసేది, లోపలికి పోదు. కరిగిన ఖనిజాలు పంటికి తిరిగి పట్టడానికి అందులోని ఫ్లోరైడ్ సాయం చేస్తుంది. బఠాణీ గింజంత చాలు. ఉమ్మేశాక గ్లాసుడు నీళ్లతో కడిగేయకుండా ఉంటే మంచిదట, నాకు అలవాటవడానికి నెల పట్టింది. మీ ఇంట్లో తాగేది కృష్ణ నీళ్లు కాకుండా బోరు నీళ్లయితే ఒకసారి పరీక్ష చేయించండి.

నువ్వుల నూనె నేనూ మూడు నెలలు పుక్కిలించాను. నోరు హాయిగా ఉంటుంది, వాసన తగ్గుతుంది, పేస్టు పని మాత్రం చేయదు. ఎనిమిదేళ్ల పిల్ల నోట్లో నూనె పోసుకుని పావుగంట నిలబడుతుందా అన్నది మీకే తెలియాలి!

మీ అమ్మగారితో గొడవ ఎందుకండి. పొద్దున పూట మనవరాలికి వేపపుల్ల ఆవిడనే ఇవ్వమనండి, మెత్తగా నమిలి కుంచె చేశాకే తోమాలి. అది ముందు పళ్లను శుభ్రం చేస్తుంది గానీ దవడ పళ్ల సందుల్లోకి పోదు, అందుకని తర్వాత బ్రష్ కూడా పట్టించండి. నిద్రలో ఉమ్మి తక్కువ ఊరుతుంది కాబట్టి రాత్రి పడుకోబోయే ముందు పేస్టుతో తోమించడం మీ వంతు. ఆ తర్వాత పాలు అడిగినా ఇవ్వొద్దు, మంచినీళ్లే.