రోజులు తగ్గితే గమ్యం తగ్గించుకోండి, రెస్ట్ డే కాదు

"విదేశంలో గ్రూపుగా ట్రెక్కింగ్‌కి వెళ్లాక ప్లాన్ తారుమారైతే ఎవరి మాట వినాలి?" అని అడిగారు. ఎక్కువ మంది మాట మాత్రం వినొద్దు.

హైదరాబాద్ నుంచి ఏడుగురం ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కి బయల్దేరాం. ఆర్నెల్లపాటు ఆదివారాలు భువనగిరి కోట ఎక్కి దిగాం. తీరా కఠ్మాండూలో దిగాక తెలిసింది, రద్దీ వల్ల, నడక మొదలయ్యే లుక్లాకి విమానాలు కఠ్మాండూ నుంచి కాక, దూరంగా ఉన్న మంథలి అనే ఊరి నుంచి నడుస్తున్నాయని. ట్రావెల్స్ వాళ్లు ఆ ముక్క ముందు చెప్పనేలేదు. అర్ధరాత్రి జీపెక్కి నాలుగైదు గంటలు ఘాట్ రోడ్డులో పడ్డాం.

తెల్లారేసరికి లుక్లాలో మబ్బు. అక్కడి రన్‌వే 527 మీటర్లే, పైలట్ కంటికి కనబడితేనే దించుతాడు. రోజంతా బ్యాగుల మీద కూర్చున్నాం. రెండో రోజూ అంతే. పైన తిందామని దాచుకున్న అక్క చేతి సకినాలు అక్కడే అయిపోయాయి.

ఆ రాత్రి లాడ్జిలో గొడవ మొదలైంది. "అన్నా, దారిలో నామ్చే, డింగ్‌బోచే ఊళ్లలో రెస్ట్ డేలు తీసేద్దాం, రెండు రోజులు కలిసొస్తయ్" అన్నాడు మాలో అందరికంటే ఫిట్‌గా ఉండే తమ్ముడు. నలుగురు సై అన్నారు. నేను ఒప్పుకోలేదు. పైనుండే పల్చటి గాలికి ఒళ్లు అలవాటు పడటానికే ఆ రెస్ట్ డేలు. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఆగాలి. చేతులెత్తి ఓటేస్తే ఊపిరితిత్తులు వింటాయా? చివరికి మా పెద్దాయన బిస్కెట్ ప్యాకెట్ చింపి, దాని వెనకవైపు మిగిలిన రోజులు ఒక్కొక్కటే రాశారు. రెస్ట్ డేలు రెండూ ఉంచి, తిరుగు విమానానికి ఒక రోజు దాచి, డింగ్‌బోచే నుంచే వెనక్కి రావాలని తేల్చారు.

మూడో రోజు ఎగిరాం. నామ్చే 3,440 మీటర్లు. అక్కడ రెండో పొద్దున ఆ తమ్ముడే తల పట్టుకుని కూర్చున్నాడు. వెల్లుల్లి సూప్ గిన్నె ముందు పెడితే వాసనకే మొహం తిప్పుకున్నాడు. రోజూ కేబీఆర్ పార్కు చుట్టూ పరిగెత్తే మనిషి! ఎత్తుకి ఫిట్‌నెస్‌తో పని లేదు. ఆ రోజు కదలకుండా ఉన్నాం కాబట్టి సాయంత్రానికి తేరుకున్నాడు. రెస్ట్ డే తీసేసి నడిపించి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

అసలు తప్పు సెలవుల దగ్గర ఉంది. పెళ్లికైతే ఎన్ని రోజులైనా ఇస్తారు, ట్రెక్ అంటే తిరిగొచ్చే తేదీ గంటతో సహా చెప్పమంటారు. ఆ టెన్షన్‌తోనే మనుషులు రెస్ట్ డేలకు కత్తెర వేస్తారు.

బేస్ క్యాంప్ చూడలేదని జాలిపడేవాళ్లకు ఒక మాట. అక్కడి నుంచి ఎవరెస్ట్ శిఖరం కనబడదు. మేం దారిలో టెంగ్‌బోచే బౌద్ధ ఆశ్రమం ముందు నిలబడి, గోడలా అడ్డుగా ఉన్న నుప్ట్సే పర్వతం వెనక దాని కొనను కళ్లారా చూశాం. పక్కనే అమా దబ్లం శిఖరం, 6,812 మీటర్లు. పెద్దాయన కళ్లు తుడుచుకున్నారు.

మళ్లీ అక్టోబర్‌లో వెళ్తున్నాం, ఈసారి నాలుగు రోజులు అదనంగా పెట్టుకుని. సెలవు ఇప్పుడే అడిగేశాను.