రీకాల్ చేసిన (లోపం ఉందని మార్కెట్ నుంచి వెనక్కి తెప్పించిన) ఆహార సరుకును షాపు ఆ తర్వాత కూడా అమ్మిందా? తేల్చుకోవడం ఎలా?

బిల్లు తేదీ రీకాల్ తర్వాతిదైనంత మాత్రాన తప్పు రుజువు కాదు. రీకాల్ చాలాసార్లు కొన్ని బ్యాచ్‌లకే వర్తిస్తుంది, మిగతావి అమ్ముకోవచ్చు. మామూలు బార్‌కోడ్‌లో బ్యాచ్ నంబరు ఉండదు, అందుకే సాధారణంగా బిల్లులోనూ కనబడదు. అది ప్యాకెట్ మీదే, తరచుగా గడువు తేదీ పక్కన, చుక్కల అక్షరాల్లో ఉంటుంది. కాబట్టి ప్యాకెట్ పారేయకండి, అసలు సాక్ష్యం అదే.

రీకాల్ నోటీసులోని పేరు, బరువు, బ్యాచ్, గడువు తేదీ అన్నీ ప్యాకెట్‌తో సరిచూడండి. చుక్కల ముద్రలో 8, 3 ఒకేలా కనిపిస్తాయి, వెలుతురులో పెట్టి చదవండి. అన్నీ కలిస్తే అప్పుడు బిల్లు తేదీ చూడండి. బిల్లు, రీకాల్ ఒకే రోజైతే గంట కూడా ముఖ్యమే: షాపుకు నోటీసు ఎప్పుడు అందింది, బిల్లింగ్‌లో ఆ సరుకును ఎప్పుడు ఆపారు అని మేనేజర్‌ని రాతపూర్వకంగా అడగండి. బిల్లు పోతే షాపు మెంబర్‌షిప్ ఖాతాలో కొనుగోళ్ల వివరాలు దొరకొచ్చు. బ్యాంకు మెసేజ్ తేదీ, మొత్తం చెబుతుంది కానీ ఏం కొన్నారో చెప్పదు.

ప్యాకెట్‌ను తినకుండా, విడిగా కవర్లో కట్టి ఉంచి, ఫొటోలతో ఆహార భద్రతా అధికారులకు ఫిర్యాదు చేయండి. షాపు స్టాకు రికార్డులు తనిఖీ చేసే అధికారం వాళ్లది.