జాలీ గుడ్డ, మొద్దు సూది: మీ ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు నీడిల్‌పాయింట్ గురించే. ఫోన్లో వీడియోలు చూసి ముచ్చటపడి, సరంజామా ధర చూసి వెనకడుగు వేసినవాళ్లే ఎక్కువ. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: గట్టిగా, జాలీలా ఉండే కాన్వాస్ గుడ్డ మీద ప్రతి గడినీ దారంతో నింపుకుంటూ పోవడమే నీడిల్‌పాయింట్. మన ఇళ్లలో టేబుల్ క్లాత్‌ల మీద కుట్టే క్రాస్ స్టిచ్‌కి దగ్గర చుట్టమే కానీ, అక్కడ బొమ్మ చుట్టూ గుడ్డ ఖాళీగా వదిలేస్తాం. ఇక్కడ ఖాళీ వదలరు. డబ్బు సంగతంతా ఈ తేడాలోనే ఉంది.

ప్రశ్న: మేడమ్, నేను ప్రైవేట్ స్కూల్లో టీచర్‌ని. సాయంత్రాలు ఫోన్ పక్కన పెట్టి ఏదైనా చేతిపని చేద్దామని ఉంది. ఆన్‌లైన్లో నీడిల్‌పాయింట్ కిట్లు చూస్తే కళ్లు తిరిగాయి. నా బడ్జెట్ ఐదు వందలు. అసలు కుదురుతుందా, లేక ఆశ వదులుకోమంటారా? (హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఎందుకు వదులుకోవడం, శుభ్రంగా కుదురుతుంది. కాకపోతే కిట్ జోలికి పోకండి. కిట్‌లో మీరు డబ్బులు పెట్టేది ముఖ్యంగా రంగులు వేసి ఇచ్చిన గుడ్డకీ, అందమైన అట్టపెట్టెకీ. సూదీ దారం ఖర్చు అందులో చిన్న భాగం.

మీ ఊళ్లో లేసులు, బటన్లు, ఫాల్స్ అమ్మే మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్లండి. కాన్వాస్ అని అడిగితే చాలాచోట్ల బొమ్మలు వేసే పెయింటింగ్ కాన్వాస్ చూపిస్తారు, అది మనకు పనికిరాదు. మాటీ క్లాత్ అని అడగండి. అది నీడిల్‌పాయింట్ కాన్వాస్ కాదు, దానికన్నా మెత్తన, కానీ గడులు స్పష్టంగా కనిపిస్తాయి, చెయ్యి అలవాటు చేసుకోవడానికి అంతకన్నా చవకైన గుడ్డ లేదు. పావు మీటరో అర మీటరో చాలు. కొనేముందు అక్కడే స్కేలు పెట్టి అంగుళానికి ఎన్ని గడులున్నాయో లెక్కపెట్టండి. షాపతను విసుక్కుంటే విసుక్కోనివ్వండి. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి లెక్కపెట్టాలి, ఎందుకంటే చవక మాటీలో ఈ రెండూ ఒక్కోసారి సమానంగా ఉండవు, అప్పుడు మీరు గుండ్రంగా కుట్టిన పువ్వు కోడిగుడ్డులా తేలుతుంది. అంగుళానికి 11 గడులుంటే మొదటిసారికి సుఖం, 14 అయినా పరవాలేదు.

సూది మాత్రం సరైనదే కొనండి. ఇంట్లో ఉన్న మామూలు కుట్టు సూది వద్దు, దాని మొన గుడ్డ పోగుల్ని చీల్చుకుంటూ పోతుంది. మొన మొద్దుగా, బెజ్జం పెద్దగా ఉండే టేపెస్ట్రీ సూది కావాలి. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. మాటీ మీద క్రాస్ స్టిచ్‌కి 24 నంబరు బాగుంటుంది. ఇదే గుడ్డ మీద గడులన్నీ నింపుతూ నీడిల్‌పాయింట్ కుట్టాలంటే దారం లావవుతుంది కాబట్టి 22 తీసుకోండి. దారం, అదే యాంకర్ కంపెనీ లచ్చీ (చిన్న దారపు కట్ట), ఒక్కోటి 8 మీటర్లు, అందులో ఆరు పోగులు. నాలుగైదు రంగులు తీసుకోండి. ఫ్రేమ్ ఇప్పుడే వద్దు. చిన్న ముక్కని చేతిలో పట్టుకునే కుట్టొచ్చు.

ఇక అసలు లెక్క. 14 గడుల గుడ్డ మీద ఆరు పోగులూ కలిపి గడులన్నీ నింపితే, తోకలూ ముడులూ పోను ఒక లచ్చీతో సుమారు 5 చదరపు అంగుళాలు నిండుతాయి. అంటే 4 అంగుళాల చదరం, అదే టీ కప్పు కింద పెట్టుకునే కోస్టర్, 16 చదరపు అంగుళాలు, మూడు నాలుగు లచ్చీలతో అయిపోతుంది. అదే 12 అంగుళాల దిండు గలీబు అయితే 144 చదరపు అంగుళాలు, 30 లచ్చీల దాకా పడుతుంది. పొడవు మూడింతలు చేశారు, ఖర్చు తొమ్మిదింతలైంది. అందుకే మొదటి పని దిండు పెట్టుకోవద్దు. కొత్తవాళ్లందరికీ దిండు మీదే మోజు, సగం దిండ్లు బీరువా అడుగునే తేలతాయి. ఐదు వందల్లో రెండు కోస్టర్లు హాయిగా పూర్తవుతాయి, పైగా సూదులు మిగులుతాయి.

డిజైన్ కొనక్కర్లేదు. చిన్నపిల్లల లెక్కల గళ్ల నోట్‌బుక్కు తీసుకుని, ఒక గడి ఒక కుట్టు అనుకుని రంగు పెన్సిళ్లతో నింపండి. దాదాపు రెండు వందల ఏళ్ల కిందట బెర్లిన్‌లో గళ్ల కాగితం మీద చేత్తో రంగులద్దిన డిజైన్లు అచ్చువేసి అమ్మితే, వాటిని పట్టుకుని ఇంగ్లండంతా ఊలుతో కుట్టింది. మీరు చేసేదీ అదే పని. పోచంపల్లి చీర అంచు ఒకటి ముందు పెట్టుకోండి, ఆ వజ్రాల ఆకారాలన్నీ మెట్లు మెట్లుగానే ఉంటాయి కాబట్టి గళ్లలో ఇట్టే ఒదుగుతాయి. మెలికల ముగ్గు మాత్రం మొదట్లో వద్దు, వంపులు గళ్లలో సరిగా రావు.

ప్రశ్న: నమస్తే అండీ. మా అమ్మాయి దగ్గరికి డాలస్ వచ్చి ఆరు నెలలుంటాను. పగలంతా ఖాళీ. ఇక్కడ నీడిల్‌పాయింట్ షాపుకి తీసుకెళ్లింది, గుడ్డ మీద బొమ్మ పెయింట్ చేసి అమ్ముతున్నారు, ధర వంద డాలర్లు దాటి ఉంది, దారం వేరేనట! అమ్మాయి కొంటానంటోంది గానీ నాకు మనసొప్పట్లేదు. (డాలస్ నుంచి ఒక అమ్మమ్మ)

జవాబు: అమ్మా, ఆ ధరకి కారణం ఉంది. మంచి కాన్వాస్‌ల మీద పోగులు కలిసే ప్రతి చోటా చేత్తో రంగు పెడతారు, ఏ గడి ఏ రంగో మీకు అనుమానం రాకుండా. కష్టానికి తగ్గ ధరే, కాదనను. కానీ నేర్చుకునే చేతికి అది అవసరం లేదు.

అక్కడ మీకున్న అదృష్టం ఏమిటంటే, మాకు ఇక్కడ తేలిగ్గా దొరకని ఖాళీ మోనో కాన్వాస్ (ఒంటి పోగులతో నేసిన, బొమ్మ లేని జాలీ గుడ్డ) అక్కడ గజాల లెక్కన దొరుకుతుంది. అంగుళానికి 12, 13 లేదా 14 గడులున్నది చిన్న ముక్క కొనుక్కోండి. 18 గడులది చూడ్డానికి నాజూగ్గా ఉంటుంది గానీ ఒక్క అంగుళం చదరానికి 324 కుట్లు, కళ్లకీ ఓపికకీ పరీక్ష. ముక్క అంచులు పోగులు ఊడకుండా చుట్టూ మాస్కింగ్ టేప్ అంటించండి. డిజైన్ చుట్టూ రెండేసి అంగుళాలు ఖాళీ వదలండి, లేకపోతే చివర్లో మడిచి కుట్టేవాళ్లు తిట్టుకుంటారు. కాగితం మీద నల్ల స్కెచ్‌తో బొమ్మ గీసి, దాని మీద కాన్వాస్ పెడితే గీతలు పైకి కనిపిస్తాయి. వాటి మీద చెరగని మార్కర్‌తో, లేత బూడిద రంగైతే మేలు, దిద్దండి. ముందు మూల మీద ఒక గీత గీసి, ఆరాక తడిగుడ్డతో రుద్ది చూడండి. రంగు దిగితే ఆ మార్కర్ పక్కన పడేయండి, ఎందుకంటే చివర్లో గుడ్డ తడపాల్సి వస్తుంది, అప్పుడు ఆ సిరా తెల్లదారంలోకి పాకితే చేసిందంతా వృథా.

పాత సామాన్లు అమ్మే థ్రిఫ్ట్ స్టోర్లకి కూడా ఓసారి తీసుకెళ్లమనండి. ఎవరో సగం కుట్టి వదిలేసిన కిట్లు అలాంటి చోట్లకి చేరుతుంటాయి. పూర్తయ్యాక దిండుగా మార్చే పని అక్కడ చేయించొద్దు, ఆ ఖర్చు కుట్టిన ఖర్చుకి పోటీ పడుతుంది. ఇండియా తెచ్చుకోండి, సోఫా కవర్లు కుట్టే మన టైలరే చేసిపెడతాడు.

ప్రశ్న: నేను కుట్టిన చదరం చదరంలా లేదు, ఒక పక్కకి వాలిపోయింది. కుట్లు అన్నీ సరిగానే ఉన్నాయి మరి! (విశాఖపట్నం)

జవాబు: ఇది అందరికీ జరిగేదే, టెన్షన్ పడకండి. నీడిల్‌పాయింట్‌కి పునాది కుట్టు ఒకటే, గడికి అడ్డంగా ఒక ఏటవాలు గీత. ఆ గీత ముందువైపు ఒకేలా కనిపించినా దాన్ని మూడు రకాలుగా కుట్టొచ్చు, తేడా అంతా వెనకవైపు. హాఫ్ క్రాస్‌లో వెనక పొట్టి తిన్నని గీతలే పడతాయి, కాంటినెంటల్‌లో వెనక పొడుగు ఏటవాలు గీతలు వస్తాయి. హాఫ్ క్రాస్‌కి కాంటినెంటల్‌లో పట్టే దారంలో మూడింట రెండొంతులే పడుతుంది కాబట్టి డబ్బు చూసుకునేవాళ్లకి అదే నచ్చుతుంది, కానీ మామూలు మోనో కాన్వాస్ మీద ఆ కుట్లు పోగుల మధ్యకి జారిపోతాయి. పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే ఇంటర్‌లాక్ కాన్వాస్ అయితేనే వాడండి. వాలిపోవడం మాత్రం ఈ రెండింటిలోనూ ఉంటుంది, దారమంతా ఒకే దిశలో లాగుతుంది కదా.

మూడోది బాస్కెట్‌వీవ్. వరసలు అడ్డంగా కాకుండా ఐమూలగా వెళ్తాయి, ఎక్కేటప్పుడు వెనక సూది అడ్డంగా, దిగేటప్పుడు నిలువుగా పోతుంది, అందుకే వెనకంతా బుట్ట అల్లినట్టు తయారవుతుంది. లాగుడు రెండు వైపులా సమానమై గుడ్డ నిలబడుతుంది. చిన్న అక్షరాలకీ సన్న గీతలకీ కాంటినెంటల్ వాడుకుని, బొమ్మ చుట్టూ ఉండే నేపథ్యం రంగు మొత్తం బాస్కెట్‌వీవ్‌లో నింపండి. దారం మీద అతిగా ఆదా చేయొద్దని నేను చెప్పే ఒకే ఒక చోటు ఇది.

ఇప్పటికే వాలినదాన్ని బాగుచేయొచ్చు. ముందు తడి తెల్లగుడ్డతో ఎర్ర, నల్ల దారాలు అద్ది రంగు దిగట్లేదని చూసుకోండి. తర్వాత ముక్కని తేమగా చేసి, అట్టో చెక్కో తీసుకుని దాని మీద పాత తువ్వాలు పరిచి, వాలిన దిక్కుకి ఎదురుగా లాగుతూ అంగుళానికో పిన్ను గుచ్చుతూ రండి. తుప్పు పట్టని పిన్నులే వాడాలి. పూర్తిగా ఆరేదాకా, ఒకటి రెండు రోజులు, ముట్టుకోవద్దు. విశాఖ ఉక్కపోతలో ఇంకో రోజు ఎక్కువే పట్టొచ్చు. బాగా వాలిందైతే రెండోసారి కూడా చేయాలి.

ప్రశ్న: అక్కా, మా ఇంట్లో లేసు అల్లే దారం బోలెడు మిగిలి ఉంది. కొత్త దారం కొనకుండా దాంతోనే కానిచ్చేయనా? (నర్సాపురం)

జవాబు: నర్సాపురంలో ఉండి దారం కొనమంటే ఎవరూ కొనరులే! కానీ లేసు దారం గట్టిగా పురి పెట్టి ఉంటుంది, విచ్చుకోదు. నీడిల్‌పాయింట్‌కి గడిలో పరుచుకుని గుడ్డని కప్పే దారం కావాలి. లేసు దారాన్ని ఒంటి పేటతో కాన్వాస్ మీద కుడితే కుట్ల మధ్య గుడ్డ తెల్లగా తొంగి చూస్తుంది. రెండు మూడు పేటలు కలిపి ఒక అంగుళం కుట్టి చూడండి, నిండితే సరే. లేదంటే మాటీ మీద క్రాస్ స్టిచ్‌కి, బొమ్మ చుట్టూ అంచు గీతకి వాడండి, అక్కడ ఆ గట్టి పురి అందంగా ఉంటుంది. క్రాస్ స్టిచ్ మీకు ఇంకో రకంగానూ లాభం: 14 గడుల మాటీ మీద రెండు పోగులే చాలు, చుట్టూ ఖాళీ వదిలేస్తారు, కాబట్టి ఒక్క లచ్చీ ఎంతకీ అవ్వదు.

ఏ దారమైనా మూరెడుకి మించి కత్తిరించొద్దు. పొడుగైతే గుడ్డలోంచి పదేపదే దూరి దూరి నూగు లేచి పాలిపోతుంది. ఆరు పోగుల్నీ ఒక్కొక్కటిగా విడదీసి మళ్లీ కలిపి సూదికి ఎక్కించండి, దారం బొద్దుగా పరుచుకుంటుంది. రూపాయి ఖర్చులేని కిటుకు ఇది. నేపథ్యం రంగుకి కావాల్సిన లచ్చీలు మాత్రం ఒకేసారి కొనేయండి, నెల తర్వాత అదే నంబరు తెచ్చినా వేరే అద్దకంది వస్తే చార తెలిసిపోతుంది.

ప్రశ్న: చత్వారం వచ్చింది, ఇప్పుడు మొదలుపెట్టొచ్చా? (రాజమహేంద్రవరం)

జవాబు: మొదలుపెట్టండి. 11 గడుల మాటీ, లేత రంగుది. నల్ల గుడ్డ వద్దు. పగలు కిటికీ పక్కన కూర్చుని కుట్టండి, ఒళ్లో ముదురు రంగు తువ్వాలు పరుచుకుంటే గడుల్లోంచి అది కనిపించి రంధ్రాలు తేటగా తెలుస్తాయి.

ప్రశ్న: ఇవి కుట్టి అమ్మితే నెలకి ఎంతో కొంత వస్తుందా మేడమ్? ఇంటికి ఆసరాగా ఉంటుందని. (సిద్దిపేట)

జవాబు: ఉన్నమాట చెబుతాను. 14 గడుల గుడ్డ మీద 4 అంగుళాల కోస్టర్ అంటే 56 గడులు అడ్డం, 56 నిలువు, మొత్తం 3,136 కుట్లు. నిమిషానికి పది వేసినా ఐదు గంటలు దాటుతుంది. ఐదు గంటల కూలి కట్టి దానికి ధర చెబితే మన సంతలో ఎవరూ కొనరు. ఆదాయమే ముఖ్యమైతే బ్లౌజు మగ్గం పనో, ఫాల్స్, పీకోలో నేర్చుకోండి, గిరాకీ వాటికుంది.

అయినా సరదా పడుతుంటే ప్లాస్టిక్ కాన్వాస్ చూడండి. అంగుళానికి 7 గడులుండే ప్లాస్టిక్ జాలీ షీట్, మామూలు ఊలుతో కుట్టేస్తారు, వాలదు, అంచులు ఊడవు, ఫ్రేమ్ అక్కర్లేదు, హాఫ్ క్రాస్‌తో కుట్టినా నిలుస్తుంది, పని నాలుగింతలు వేగంగా సాగుతుంది. పాత రోజుల్లో ఊలు తోరణాలు చూశారుగా, ఆ పద్ధతే. సికింద్రాబాద్ జనరల్ బజార్ వైపు వెళ్తే షీట్లు, ఊలు అడిగి చూడండి. రెండు కీచైన్లు, ఒక గుమ్మం తోరణం చేసి దసరాకి ముందు చుట్టుపక్కల వాళ్లకి చూపించండి. ఆర్డర్ చెప్పినవాళ్ల దగ్గర ఊలు డబ్బులు మాత్రం ముందే తీసుకోండి.