తాగేది ఆయన, మీటింగుకు నేనెందుకు?

ప్రశ్న: మాది చిత్తూరు పక్క పల్లె. మా ఆయన బాడుగ ఆటో నడుపుతాడు. రోజూ తాగుడే. కాణిపాకంలో రెండుసార్లు ప్రమాణం చేయించినా నిలబడలేదు. ఓనరుకు జ్వరమని చెప్పేది నేనే, చీటీ డబ్బుతో బెల్టు షాపు బాకీ కట్టేది నేనే. తాగేవాళ్ల ఇంటివాళ్లు కలిసి మాట్లాడుకునే మీటింగుకు వెళ్లమని మా ఆడబిడ్డ అంటోంది. పరువు పోదా? అన్నంలో కలిపే పొడి ఒకటి ఇస్తామంటున్నారు, వాడొచ్చా?

జవాబు: ముందు ఆ పొడి సంగతి. వద్దమ్మా. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉంది. అది ఒంట్లో ఉండగా తాగితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం; ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. అందుకే తాగే మనిషికి చెప్పి, ఒప్పించి ఇస్తారు. మీకు అమ్మే పొడిలో ఏముందో ఎవరికి తెలుసు?

ప్రమాణం తప్పాడని ఆయన్ని తిట్టి లాభం లేదు. రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, కొందరికి ఫిట్స్ వస్తాయి, రెండు మూడు రోజుల్లో మతి తప్పి లేనివి కనిపిస్తాయి. ఈసారి ఒట్టుకు ముందే తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యుల్ని కలవండి.

ఇక మీటింగు. అది ఆయన్ని మాన్పించడానికి కాదు, మీకోసం. తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలో మొదలైంది. దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరి భార్య లోయిస్, ఇంటివాళ్లకోసం 1951లో ఆల్-అనాన్ పెట్టింది. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు, అక్కడ విన్నది బయట చెప్పరు. మొదటిరోజు నోరు విప్పకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. ఈ జబ్బు మీవల్ల రాలేదు, మీ చేతిలో లేదు, మీరు నయం చేయలేరు అన్నది అక్కడ మొదట వినిపించే మాట. మీకు చేదుగానే ఉంటుంది. పరువంటారా, ఆయన ఏ పూట ఎలా ఇల్లు చేరుతున్నాడో మీ వీధికి మీకంటే ముందే తెలుసు!

ఓనరుకు అబద్ధం చెప్పడం, బాకీ కట్టడం ఎలా ఆపాలో, ఆపినరోజు ఇంట్లో జరిగే రభసను ఎలా తట్టుకోవాలో అదే దారిలో నడిచిన ఆడవాళ్లు చెబితేనే నమ్మకం కుదురుతుంది. నాలాంటివాళ్లు ఎంత చెప్పినా అది ఉపన్యాసమే. అన్నం పెట్టండి, బాకీ మాత్రం ఆయన్నే కట్టుకోనివ్వండి. చెయ్యి చేసుకుంటే మాత్రం మీటింగుదాకా ఆగొద్దు, మహిళల హెల్ప్‌లైన్ 181కి గానీ అత్యవసర నంబరు 112కి గానీ ఫోన్ చేయండి.

దగ్గర్లో ఏ సాయం ఉందో మత్తు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేసి అడగండి, ఖర్చుండదు. తోడు కావాలంటే మీ ఆడబిడ్డనే పిలవండి. తాగేది ఆమె తోడబుట్టినవాడు, ఆమెకూ అక్కడ కుర్చీ ఉంటుంది.