పెళ్లి, సంసారం గురించి కుర్రకారు ఊహలు మూసలో ఎందుకు పడతాయి?

"ఆడ పని, మగ పని అంటూ చిన్నప్పుడు విన్న మాటలు పెద్దయ్యాక కుటుంబం గురించి మన ఆలోచనల్ని నిజంగా మారుస్తాయా?" అంటే, మారుస్తాయి. కాకపోతే చెవిన పడేవాటికన్నా ఇంట్లో కళ్లబడేవే ఎక్కువ పనిచేస్తాయి.

పిల్లలు ముందు లోకాన్ని ఆడ, మగ అని రెండు గూళ్లలో సర్దుకుంటారనీ, తర్వాత తమని తాము కూడా ఆ లెక్కలోనే చూసుకుంటారనీ అమెరికన్ సైకాలజిస్ట్ సాండ్రా బెమ్ 1981లోనే వివరించారు. 2014లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు 7 నుంచి 13 ఏళ్ల పిల్లల్నీ, వాళ్ల అమ్మానాన్నల్నీ కలిపి పరిశీలిస్తే, నాన్న ఇంటిపని నిజంగా పంచుకునే ఇళ్లలో కూతుళ్లు 'ఆడవాళ్లకి తగ్గ ఉద్యోగాలు' అనే గీత దాటి ఆలోచించడం ఎక్కువగా కనిపించింది. సమానత్వం గురించి ఎంత దంచినా, తిన్న కంచం అక్కడే వదిలేసి లేస్తే పిల్లలు చూసేది ఆ కంచాన్నే.

ఇరవై ఏళ్ల అమ్మాయి ఇంకా పుట్టని పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని "టైమింగ్స్ బాగుండే ఉద్యోగం" వెతుక్కుంటుంది, అదే వయసు అబ్బాయిని ఆ మాట అడిగేవాళ్లే ఉండరు. అలాగని అబ్బాయిలు హాయిగా ఉన్నారనుకోకండి, జీతం చాలదేమోనన్న టెన్షన్‌తో పెళ్లే వాయిదా వేసేవాళ్లున్నారు, పసిబిడ్డని ఎత్తుకోవడానికి కూడా "నాకు రాదులే" అని వెనక్కి తగ్గేవాళ్లున్నారు (వాళ్ల చేతికి బొమ్మనైనా ఎవరిచ్చారు?).

పెళ్లి అనుకుంటున్నవాళ్లయితే "పనిలో సాయం చేస్తావా" అని అడక్కండి, దానికి అందరూ చేస్తామనే అంటారు. బిడ్డకి జ్వరమొస్తే సెలవు ఎవరు పెడతారో, టీకా తేదీ ఎవరు గుర్తుపెట్టుకుంటారో అడగండి.