నల్లదారం సంగతి

చిన్నమ్మలూ,

తాతయ్య ఆంప్లిఫయర్‌ని అటక మీంచి దింపి హైదరాబాద్ తీసుకెళ్తానన్నావని నిన్న అక్క ఫోన్లో చెప్పింది. మీ తరంలో ఒక్కరైనా ఇయర్‌ఫోన్లు పక్కనపెట్టి, గదిలో కూర్చుని పాట వినాలనుకుంటున్నారని పొంగిపోయాను. కానీ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు మెకానిక్‌కి చూపించు. అన్నేళ్లు మూలన పడున్న ఆంప్లిఫయర్‌లో కెపాసిటర్లనే చిన్న భాగాలు ఎండిపోయి ఉండొచ్చు. ఎర్తింగ్ ఉన్న త్రీపిన్ ప్లగ్గులోనే పెట్టు. ఇంటర్నెట్ పాటలు వినిపించే స్ట్రీమర్ అనే ఖరీదైన పెట్టె వెంటనే కొనకు. ఫోన్‌కి చిన్న డాక్ (DAC, ఫోన్లో అంకెల రూపంలో ఉన్న పాటను ఆంప్లిఫయర్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చేది) తగిలించి, దాన్నుంచి ఎరుపు తెలుపు పిన్నుల వైరు ఆంప్లిఫయర్ వెనకాల ఆక్స్ (AUX) అని రాసున్న చోట పెడితే మొదలుపెట్టడానికి చాలు. ఫోనో అని రాసున్న చోట మాత్రం పెట్టకు. అది రికార్డ్ ప్లేయర్ ఇచ్చే బలహీనమైన సిగ్నల్ కోసం. అక్కడ పెడితే పాట పగిలిపోతుంది.

బ్లూటూత్ పాటను కుదించి, కొంత పోగొట్టి పంపుతుంది, అందుకే వైరే మేలు. నువ్వు వాడే యాపిల్ మ్యూజిక్‌లో 2021 నుంచి లాస్‌లెస్, అంటే ఏమీ పోకుండా వచ్చే పాట, ఉంది, అదనంగా డబ్బు కట్టక్కర్లేదు, సెట్టింగ్స్‌లో నువ్వే ఆన్ చేసుకోవాలి. సీడీ స్థాయి, అంటే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ వస్తే చాలు. 192 కిలోహెర్ట్జ్ అంటూ పెద్ద అంకెల వెంట పడకు. ఆ డబ్బు మంచి స్పీకర్లకి పెట్టు.

ఇక స్పీకర్ వైర్లు. ఇక్కడ నెమ్మదిగా చదువు.

1994 సంక్రాంతికి ఇంటికి సున్నాలు వేయిస్తూ స్పీకర్లు పక్కకి తీశాను. వైరు రెండు పోగులూ ఒకే రంగు. ఒక్కో వైరులో ఒక పోగు చివర మాత్రం మాసిపోయిన నల్లదారం కట్టి ఉంటే, మురికి అనుకుని కత్తిరించి పారేశాను. తర్వాత తోచినట్టు బిగించాను. పాట వచ్చింది. పని అయిపోయిందనుకున్నాను.

ఆ సాయంత్రం తాతయ్య బాలమురళీకృష్ణ క్యాసెట్ పెట్టుకుని రెండు స్పీకర్ల మధ్య ఎప్పటి కుర్చీలోనే కూర్చున్నారు. కాసేపటికి "మృదంగం ఎడమచెయ్యి వినపడట్లేదురా" అన్నారు. నాకు బాగానే ఉందన్నాను. మర్నాడూ అదే మాట. వయసుతో వినికిడి తగ్గిందనుకుని చెవుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. చెవులు బాగానే ఉన్నాయన్నారు. అప్పుడైనా వైరు చూడొద్దూ? స్పీకర్లు పాడయ్యాయని తేల్చి అమ్మేశాను. ఆ తర్వాత ఆయన రేడియోతోనే సరిపెట్టుకున్నారు. నన్నొక్క మాట అనలేదు.

ఆయన పోయాక ఆంప్లిఫయర్ పుస్తకం తిరగేస్తుంటే, చివరి పేజీలో ఆయన అక్షరాలు కనిపించాయి: "నల్లదారం - నల్లపిన్ను". అప్పుడు తెలిసింది. నేను ఒక స్పీకర్‌కి వైరు తిరగేసి, ఎర్రపిన్నుకి వెళ్లాల్సిన పోగు నల్లపిన్నుకి బిగించాను. ఒక స్పీకర్‌లో కదిలే కోను ముందుకొస్తుంటే రెండోదాంట్లోది వెనక్కి పోతుంది. కింది స్వరాలు ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. మృదంగం ఎడమచెయ్యి మోగించేది ఆ కింది స్వరాలే. ఆయన సరిగ్గానే విన్నారమ్మా.

కాబట్టి ప్లగ్గు పీకేశాకే వైరు ముట్టుకో. పోగులు ఒకదానికొకటి తగిలితే ఆంప్లిఫయర్ కాలిపోవచ్చు. నల్లపిన్నుకి వెళ్లే పోగుకి రెండు చివర్లా నల్లదారం కట్టి గుర్తు పెట్టు. అనుమానమొస్తే వైరుని ఆంప్లిఫయర్ నుంచి విడదీసి, ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ క్షణం తాకించి చూడు. ప్లస్ ఎర్రపిన్ను పోగుకి తగిలితే కోను ముందుకి రావాలి. రెండు స్పీకర్లూ ఒకేలా కదలాలి. బిగించాక గొంతు సరిగ్గా నడిమధ్య నుంచి రావాలి. ఎవరైనా పెద్దవాళ్లు ఏదో తగ్గిందంటే ముందు వైరు చూడు.

అటక నువ్వొక్కదానివే ఎక్కకు. ఆదివారం వస్తాను, నిచ్చెన పట్టుకుంటాను. పుస్తకం కూడా తెస్తాను. నల్లదారం మీ అమ్మ కుట్టుపెట్టెలో ఉంటుంది, ఒక మూర తీసి ఉంచు.

మొదటిరోజు మృదంగమే పెట్టు.

నీ
పెద్దమామయ్య